ఒకే గబ్బిలానికి రెండు పేర్లు: నిపా వాదన దారి తప్పిన చోటు

గబ్బిలాల నుంచి మనుషులకు సోకే నిపా వైరస్ వార్త వస్తే చాలు, నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో అందరి చూపూ ఊరి మర్రి మీదికి పోతుంది. గబ్బిలాలున్నాయి, చెట్టు కొట్టేయమంటారు కొందరు. దానికి జవాబుగా, బెంగాల్‌లో వైరస్ బయటపడింది టెరోపస్ జైగాంటియస్ అనే శాస్త్రీయ నామమున్న గబ్బిలంలో, మనది టెరోపస్ మీడియస్, కాబట్టి భయం లేదంటే అదీ తప్పే. రెండూ ఒకే జంతువు.

ఈ పేర్ల చిక్కంతా 2012తో మొదలైంది. 1782లో బ్రూనిక్ పెట్టిన జైగాంటియస్ అనే పేరు, లిన్నేయస్ 1758లోనే వాంపైరస్ అని పిలిచిన ఆగ్నేయాసియా జాతికే చెందుతుందని ఆ ఏడు ఒక పరిశోధన తేల్చింది. ఒక జాతికి రెండు పేర్లుంటే ముందుదే చెల్లుతుంది. అలా జైగాంటియస్ పోయింది. మన గబ్బిలానికి 1825లో టెమ్మింక్ పెట్టిన మీడియస్ మిగిలింది. ఇక్కడ జాతి చీలలేదు, కొత్త జాతీ దొరకలేదు. అదే 2012లో బెంగాల్‌లోని మైనాగురి గబ్బిలాల్లో నిపా ఆనవాలు దొరికినట్టు వచ్చిన పరిశోధన పత్రంలో పాత పేరుంది. 2019 ఎర్నాకుళం కేసు తర్వాత వచ్చిన పత్రంలో కొత్త పేరుంది. ఒక్క పేరుతో వెతికితే సగం సమాచారమే చేతికొస్తుంది. రెండూ వేసి వెతకాలి, చెట్టు కొట్టొద్దని పెట్టే అర్జీలోనూ రెండూ రాయాలి.

గబ్బిలాలన్నిటినీ ఒకే గాటన కట్టే అలవాటు మాత్రం పాత చట్టం నుంచి వచ్చింది. 1972 వన్యప్రాణి చట్టం ఐదో షెడ్యూలులో ఎలుకలు, కాకులతో పాటు పండ్లు తినే గబ్బిలాలన్నిటినీ జాతి పేరు లేకుండా హానికర జీవులుగా చేర్చారు. 2022 సవరణ ఆ షెడ్యూలునే తీసేసింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. అయినా "అవి చంపదగ్గవే" అనే మాట ఇంకా ఊళ్లలో తిరుగుతోంది.

నిజానికి పండ్లు తినే గబ్బిలాలన్నీ ఒకటి కావు. మర్రికి, చింతకి పగలే బాహాటంగా వేలాడేది మీడియస్. దాని ముంజేయి 15 సెంటీమీటర్లు దాటుతుంది. చెవి అంచున తెల్లని గీత ఉండి, తాటాకు కింద నాలుగైదు కలిసి దాగేది సైనాప్టెరస్ స్ఫింక్స్. దాని ముంజేయి 7 సెంటీమీటర్ల దరిదాపు. పాడుబడ్డ గుళ్లలో, గుహల్లో గుంపు కట్టేది రూసెట్టస్.

చెట్టు కొడితే గుంపు చెదిరి పక్క ఊళ్లలో వాలుతుంది తప్ప వైరస్ పోదు. పైగా ఏడాదికి ఒక్క పిల్లనే కనే జంతువది. పిల్లలు తల్లి పొట్టను కరుచుకుని ఉండే వేసవిలో చెదరగొడితే అవి రాలిపోతాయి. బంగ్లాదేశ్‌లో జబ్బు మనుషులకు ఎక్కువగా ఈతచెట్టు నీరా పచ్చిగా తాగడం వల్ల వచ్చింది. అక్కడ చెట్టు మీద గీసిన గాటుకూ కుండ మూతికీ వెదురు తడిక కప్పితే గబ్బిలం నాలుక అందలేదు. మన తాటిచెట్ల మీది ముంతలకూ ఆ తడికే కట్టాలి. గబ్బిలం కొరికిన జామ, సపోటా ఏరి పారేయాలి.