భయపెట్టే పదాల ఆట మీ కంప్యూటర్‌లో నడవదా? అపోహలు - వాస్తవాలు

చీకటి బంగళా, కిర్రుమనే తలుపు, గోడ మీద చెల్లాచెదురుగా అక్షరాలు. సరైన పదం కూర్చితేనే తాళం తెరుచుకుంటుంది. ఇలాంటి ఆటలకు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. అయినా విండోస్‌లో హాయిగా నడిచేది మ్యాక్‌లో మొరాయిస్తుంది. లినక్స్‌లో తెరుచుకుంటుంది గానీ, సరైన పదం కొట్టినా తప్పంటుంది. తప్పు సాధారణంగా సిస్టమ్‌ది కాదు, ఆట ఫైళ్లు తయారైన తీరుది.

అపోహ: విండోస్ ఆట అయితే ఏ విండోస్‌లోనైనా నడుస్తుంది.

ముందు చూడాల్సింది ఎన్ని బిట్ల ఆట అన్నది; బిట్లంటే ప్రాసెసర్ ఒక దఫా పట్టుకునే సమాచారపు పరిమాణం. 32 బిట్ల ఆటలు విండోస్ 11లోనూ నడుస్తాయి. విండోస్ 3.1 నాటి 16 బిట్ల ఆటలు మాత్రం 64 బిట్ల విండోస్‌లో మొదలే కావు. కంపాటిబిలిటీ మోడ్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. అది పాత వెర్షన్‌లా ప్రవర్తిస్తుందంతే, లేని 16 బిట్ల భాగాన్ని తెచ్చిపెట్టదు. ఒక్కోసారి ఆట 32 బిట్లదే అయినా దాని ఇన్‌స్టాలర్ 16 బిట్లది, అందుకే మొదటి అడుగులోనే ఆగిపోతుంది.

విండోస్‌కు ముందటి డాస్ ఆటలకు, ఆ పాత డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ ఉంది. 1993లో వచ్చిన 'ది సెవెంత్ గెస్ట్' లాంటివాటికి, పాత ఆటల డేటాను కొత్త సిస్టమ్‌లలో నడిపే స్కమ్‌వీఎమ్ ఇంకా మేలు. ఇంగ్లిష్ అచ్చులేవీ లేకుండా, వాటి బదులు వై అక్షరమే ఉన్న పదాలతో వాక్యం కూర్చాల్సిన డబ్బాల పజిల్ ఆ ఆటలోదే. అసలు సీడీల్లోని డేటా ఫైళ్లను ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి, స్కమ్‌వీఎమ్‌లో 'యాడ్ గేమ్' నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే చాలు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ అవే ఫైళ్లు సరిపోతాయి.

అపోహ: మ్యాక్ తెరవనంటే ఆటలో వైరస్ ఉన్నట్టే.

తయారీదారు ఆపిల్ ధ్రువీకరణ తీసుకోకపోయినా మ్యాక్ అడ్డుకుంటుంది. ఆట తయారీదారు పేజీ నుంచే దించుకున్నారని రూఢి చేసుకోండి. ఒకసారి తెరవడానికి ప్రయత్నించి, సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లి, కిందికి జరిపి 'ఓపెన్ ఎనీవే' నొక్కండి. రైట్ క్లిక్ చేసి తెరిచే పాత దారి 2024లో వచ్చిన మ్యాక్ వెర్షన్ సెకోయా నుంచి పనిచేయదు. 32 బిట్ల మ్యాక్ ఆట అయితే ఈ తంటా ఏదీ పడొద్దు. 2019 నాటి కాటలీనా నుంచి అవి నడవవు.

అపోహ: సరైన పదాన్ని తప్పంటే ఆట నిఘంటువు బాగోలేదు.

పదాల ఆటల్లో నేను అన్నిటికన్నా ముందు అనుమానించేది పదాల జాబితా ఫైలునే. విండోస్‌లో సేవ్ చేసిన టెక్స్ట్ ఫైలులో ప్రతి వరుస చివర కంటికి కనబడని రెండు గుర్తులుంటాయి. లినక్స్, మ్యాక్‌లకు ఒకటే చాలు. ఆట ఆ ఒక్కదాన్నే కత్తిరిస్తే రెండోది పదానికి అంటుకుని మిగిలిపోతుంది. ఐదక్షరాల పదం లోపల ఆరక్షరాలవుతుంది, మీరేం కొట్టినా సరిపోలదు. జాబితాలో చిట్టచివరి పదాన్ని మాత్రమే ఆట ఒప్పుకుంటుంటే జబ్బు ఇదే, ఆ వరుస తర్వాత గుర్తులు లేవు కాబట్టి. ఫైలుకు నకలు తీసి పెట్టుకుని, టెక్స్ట్ ఎడిటర్‌లో వరుస ముగింపును ఒకే గుర్తు పెట్టే 'ఎల్ఎఫ్'కు మార్చి సేవ్ చేయండి.

తెలుగు పదాలైతే చిక్కు ఇంకో మెట్టు పైన. 'దెయ్యం' మన లెక్కలో రెండక్షరాలు: దె, య్యం. కంప్యూటర్లు అక్షరాలను నిల్వ చేసే ప్రమాణమైన యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: ద, ఎత్వం, య, పొల్లు, య, సున్న. సంకేతాలను లెక్కపెట్టే ఆట ఆరు గళ్లు గీసి, ఒక గడిలో ఒంటరి పొల్లు పెడుతుంది. యూనికోడ్ పాత విభజన నియమం దె, య్, యం అని మూడు ముక్కలు చేసేది. 2023లో వచ్చిన 15.1 వెర్షన్ ఒత్తును విడదీయకుండా ఉంచింది. అందుకే ఒకే ఆట ఒక కంప్యూటర్‌లో మూడు గళ్లు, మరోదానిలో రెండు గళ్లు చూపొచ్చు. ఆ సిస్టమ్‌లో అక్షరాలను విడగొట్టే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఎంత పాతదన్నదే తేడా. ఐత్వం కూడా ఇలాంటిదే: ఒకే సంకేతంగానూ, రెండుగానూ నిల్వ చేయొచ్చు. చూడ్డానికి ఒకటే, పోల్చితే వేరు. ఇది ఆడేవాళ్లు సర్దుకునేది కాదు, తయారీదారు సరిచేయాల్సింది. ఏ పదం, ఏ సిస్టమ్, ఎన్ని గళ్లు వచ్చాయో రాసి పంపండి.

అపోహ: ఒక్క చోట తలుపు చప్పుడు వినబడకపోతే సౌండ్ డ్రైవర్ పాడైంది.

మిగతా శబ్దాలన్నీ వస్తుంటే డ్రైవర్ బాగానే ఉంది. లినక్స్ ఫైలు పేర్లలో ఇంగ్లిష్ పెద్దక్షరం, చిన్నక్షరం వేరువేరు. విండోస్, మామూలు మ్యాక్ పట్టించుకోవు. ఆ ఒక్క ఫైలు పేరులో మొదటి అక్షరం పెద్దదిగా ఉందేమో చూడండి.

అపోహ: అక్షరాలు కనబడకపోవడం ఆట కష్టంలో భాగం.

కొన్నిసార్లు కాదు. తెర మీద మసక భాగాల వెలుగు తీరును చెప్పే సంఖ్య గామా. 2009లో స్నో లెపర్డ్ వెర్షన్ వచ్చేదాకా మ్యాక్ గామా 1.8, విండోస్‌ది 2.2. పాత మ్యాక్ మీద గీసిన చీకటి గదులు మిగతా తెరల మీద ఇంకా నల్లబడతాయి. ఆట సెట్టింగుల్లోనే గామాను వెలుగు పెరిగే వైపు జరపండి, మసక అక్షరం కనీకనబడనట్టు ఉన్నచోట ఆపండి. రాత్రిపూట తెరను పసుపుగా మార్చే నైట్ లైట్ ఆపేయండి, అది నీలం అక్షరాలను మింగేస్తుంది.

అపోహ: బ్రౌజర్ ఆట కాబట్టి ఎప్పటికీ నడుస్తుంది.

ఒకప్పుడు బ్రౌజర్లలో ఆటలు నడిపిన ఫ్లాష్ ప్లగిన్‌తో చేసినదైతే నడవదు. అడోబీ 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కు స్వస్తి చెప్పింది. వాటిని ఫ్లాష్‌ను అనుకరించే రఫుల్‌లో ప్రయత్నించండి. ఫ్లాష్ ఆటలు రాసే భాష అయిన యాక్షన్‌స్క్రిప్ట్ 1, 2 వెర్షన్ల ఆటలు ఎక్కువగా బాగానే తెరుచుకుంటాయి, 3తో చేసినవాటిలో కొన్ని మధ్యలో ఆగిపోతాయి.