సబ్‌వూఫర్ ఎక్కడ పెట్టాలి? అపోహలు - వాస్తవాలు

"బేస్ బూమ్మంటోందండీ, సబ్ మార్చేద్దామా?" అని అడిగేవాళ్ళలో చాలామంది మార్చాల్సింది సబ్‌ని కాదు, సోఫాని. సబ్ అంటే సబ్‌వూఫర్, పాటలోని బేస్‌ని, అంటే బాగా కింది స్వరాలని, పలికించే స్పీకరు. స్టీరియో సెటప్‌లు చేసే పనిలో నాకు తరచుగా ఎదురయ్యే నమ్మకాలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. లెక్కల కోసం మన అపార్ట్‌మెంట్లలో మామూలుగా కనిపించే 11×14 అడుగుల గదిని తీసుకుందాం.

అపోహ: బేస్ బాగా లేదంటే సబ్ నాసిరకం.

ముందు గది సంగతి చూడాలి. ధ్వని సెకనుకు సుమారు 1130 అడుగులు పోతుంది. అందులో సగం, అంటే 565ని, గది కొలతతో భాగిస్తే ఆ గోడల మధ్య ఏ స్వరం చిక్కుకుంటుందో తెలుస్తుంది. 14 అడుగుల పొడవుకి 40 హెర్ట్జ్ (అంటే సెకనుకు 40 కంపనాలు), 11 అడుగుల వెడల్పుకి 51 హెర్ట్జ్. ఆ స్వరాలకు గోడ దగ్గర ధ్వని ఒత్తిడి బాగా ఎక్కువ, రెండు గోడలకూ సరిగ్గా మధ్యన దాదాపు ఏమీ ఉండదు.

ఇప్పుడు బేస్ గిటార్ ఉన్న పాట ఒకటి పెట్టండి. దాని లావుపాటి తీగని ఖాళీగా మీటితే 41 హెర్ట్జ్. సోఫా వెనక గోడకు ఆనుకుని ఉంటే ఆ తీగ మోగినప్పుడల్లా గది గుయ్యిమంటుంది. అదే తీగ మీద మూడో మెట్టు, నాలుగో మెట్టు నొక్కితే 49, 52 హెర్ట్జ్. ఆ స్వరాలు వచ్చేసరికి వాయించేవాడు చెయ్యి తీసేశాడా అనిపిస్తుంది. ఎందుకంటే స్టీరియో వినడానికి మనం గది వెడల్పుకి సరిగ్గా మధ్యలోనే కూర్చుంటాం. లక్ష రూపాయల సబ్ తెచ్చి పెట్టినా ఆ రెండు మెట్లూ తిరిగి రావు.

మన ఇళ్ళలో ఇది ఇంకాస్త ఎక్కువ. ఇటుక గోడలు, పైన కాంక్రీటు స్లాబు బేస్‌ని బయటికి పోనివ్వవు. అమెరికాలో చెక్క ఫ్రేముకి జిప్సం బోర్డు కొట్టిన గోడలు తామే కాస్త ఊగి కొంత బేస్‌ని మింగేస్తాయి. అందుకే అక్కడున్న తమ్ముడు ఫోన్లో చెప్పిన సెట్టింగ్ ఇక్కడ అలాగే పెడితే కుదరదు.

ఖర్చు లేని మందు సోఫా జరపడమే. వెనక గోడ నుంచి గది పొడవులో మూడో వంతు, ఈ గదిలో నాలుగున్నర అడుగుల పైచిలుకు, ముందుకు వస్తే 40 హెర్ట్జ్ గోల గోడ దగ్గర ఉన్నదానికంటే 6 డెసిబెల్స్ వరకు తగ్గుతుంది. అంత చోటు వదలడానికి ఇంట్లో ఒప్పుకోరనుకోండి. రెండడుగులు జరిపినా ఎంతో కొంత తేడా వినిపిస్తుంది.

అపోహ: సబ్ మూలలో పెడితేనే దమ్ము.

దమ్ము వస్తుంది, నిజమే. మూల అన్నది గదిలో చిక్కుకునే ప్రతి స్వరాన్నీ గట్టిగా రేపే చోటు. సినిమాలో పేలుళ్ళకు అది సరదాగానే ఉంటుంది, పాటలో మాత్రం నాలుగైదు స్వరాలే పెత్తనం చేస్తాయి.

మంచి చోటు వెతకడానికి పాత పద్ధతే ఇప్పటికీ మేలు. సబ్‌ని తీసుకెళ్ళి మీరు కూర్చునే చోట పెట్టండి, వీలైతే కుర్చీ మీదికే ఎక్కించండి. బేస్ స్వరాలు పైకీ కిందికీ నడిచే పాట ఒకటి పెట్టి, గోడల వెంట తల నేలకు దగ్గరగా ఉంచి పాక్కుంటూ వెళ్ళండి. ఇంట్లోవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. ఎక్కువమంది చేసే పొరపాటు, బేస్ అన్నిటికంటే గట్టిగా వినిపించిన చోట ఆగిపోవడం. వెతకాల్సింది అన్ని స్వరాలూ ఇంచుమించు ఒకే మోతాదులో వినిపించే చోటు. సబ్‌ని అక్కడ పెట్టి మీరు కుర్చీలోకి వెళ్తే అదే బేస్ మీకు వినిపిస్తుంది.

అపోహ: ఒకటికే ఇంత గోల, రెండు సబ్‌లు పెడితే ఇల్లు ఎగిరిపోతుంది.

సరిగ్గా పెడితే గోల తగ్గుతుంది. ముందు గోడ మధ్యలో ఒకటి, వెనక గోడ మధ్యలో ఒకటి పెట్టండి. ఉయ్యాలని ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకేసారి తోస్తే అది కదలదు కదా, ఆ రెండు సబ్‌ల మధ్య మన 40 హెర్ట్జ్ సంగతీ అంతే. వెడల్పుకి మధ్యలోనే ఉన్నాయి కాబట్టి 51నీ అవి దాదాపు రేపవు. ఆడియో పరికరాలు చేసే హర్మన్ సంస్థలో పరిశోధకుడు టాడ్ వెల్టీ ఈ విషయం మీద 2002లోనే పత్రం చదివారు. ఎదురెదురు గోడల మధ్యలో పెట్టిన రెండు సబ్‌లు బాగా పనిచేస్తాయనీ, నాలుగు దాటితే పెద్దగా లాభం లేదనీ అందులో తేల్చారు. నన్నడిగితే ఒక పెద్ద సబ్ డబ్బులతో రెండు చిన్నవి కొనమంటాను.

అపోహ: బేస్ ఎటునుంచి వస్తోందో చెవికి తెలియదు, క్రాస్ఓవర్ ఎంతైనా పెట్టుకోవచ్చు.

క్రాస్ఓవర్ అంటే ఎన్ని హెర్ట్జ్ కింది స్వరాలు సబ్‌కి పోవాలో చెప్పే హద్దు. 80 హెర్ట్జ్ దాకా ఈ మాట చాలావరకు నిజం. 120 పెట్టి చూడండి, మగ గొంతు అడుగు భాగం సబ్‌లోకి దిగి, గాయకుడు మూలన కూర్చుని పాడుతున్నట్టు ఉంటుంది. ఏవీ రిసీవర్‌లో (హోమ్ థియేటర్ స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె) 80 పెట్టాక సబ్ వెనకున్న క్రాస్ఓవర్ నాబ్‌ని పెద్ద అంకె వైపు చివరిదాకా తిప్పేయాలి, లేకపోతే పై స్వరాలని కోసే ఫిల్టర్లు రెండు ఒకదాని మీద ఒకటి పడతాయి. మామూలు స్టీరియో యాంప్ అయితే స్పీకర్లు ఎన్ని హెర్ట్జ్ దగ్గర చేతులెత్తేస్తాయో చూసుకుని నాబ్ అక్కడే ఉంచాలి.

సబ్ ధ్వని స్పీకర్ల ధ్వనితో కలిసి వచ్చేలా సరిచేసే ఫేజ్ నాబ్‌ని చాలామంది ముట్టుకోరు. 80 హెర్ట్జ్ టెస్ట్ టోన్ పెట్టి, ఒకరు సబ్ దగ్గర మెల్లగా తిప్పుతుంటే కుర్చీలో ఉన్నవాళ్ళు వినాలి. "అన్నా, ఆగు, కొంచెం వెనక్కి" అంటూ, అన్నిటికంటే గట్టిగా వినిపించిన చోట వదిలేయాలి. పదినిమిషాల పని.

అపోహ: ఆటో కాలిబ్రేషన్ అన్నీ సరిచేస్తుంది.

ఆటో కాలిబ్రేషన్ అంటే రిసీవర్ మైకుతో గదిని కొలిచి స్వరాల మోతాదు తనే సరిచేయడం. ఎక్కువైనదాన్ని తగ్గించడంలో అది గట్టిదే. మాయమైన స్వరాన్ని మాత్రం తేలేదు. పల్లం పడిన చోట 10 డెసిబెల్స్ పెంచమంటే పది రెట్ల పవర్ కావాలి. 200 వాట్ల సబ్‌ని 2000 అడిగినట్టు. అంత ఇచ్చినా గోడలు దాన్ని అక్కడ మళ్ళీ రద్దు చేస్తూనే ఉంటాయి. కాబట్టి ముందు చోట్లు సరిచూసుకుని కాలిబ్రేషన్ చివర్న చేయండి.

అపోహ: గోడలకి ఫోమ్ అంటిస్తే బేస్ అదుపులోకి వస్తుంది.

40 హెర్ట్జ్ తరంగం పొడవు 28 అడుగులు. రెండంగుళాల ఫోమ్ దాన్ని ఏం చేయగలదు? కోడిగుడ్ల అట్టల గురించి అసలు అడగొద్దు.

ఫోమ్ కొనేముందు 20 నుంచి 120 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే టోన్ ఒకటి పెట్టి గదంతా తిరిగి చూడండి. బీరువా తలుపు, షోకేస్ అద్దం, ఫాల్స్ సీలింగ్‌లో లైట్ల రింగులు... సబ్ పాడైందని నన్ను పిలిచిన ఇళ్ళలో తరచుగా దొంగ వీటిలోనే దొరుకుతాడు. బీరువాకి రబ్బరు ముక్క, అద్దం అంచుకి ఫెల్ట్ పెడితే ఆ చప్పుడు ఆగిపోతుంది.

అపోహ: సబ్ ఉందని తెలియాలి కదా!

అది పనిచేస్తున్నట్టు ఆపేసినప్పుడే తెలియాలి. వాల్యూమ్ సరిచేశాక మొదటి రెండు మూడు రోజులు "బేస్ తగ్గిపోయింది" అనిపిస్తుంది, బూమ్‌కి అలవాటుపడ్డ చెవికి అది మామూలే. అప్పుడే నాబ్ ముట్టుకోకండి. వారం తర్వాత కూడా పలచగా అనిపిస్తే కాస్త పెంచండి.