ఊట ఎక్కడ పులిసింది? ‘సింగిల్ మాల్ట్’ గొడవ వెనుక కథ

ఇంగ్లండ్ విస్కీకి భౌగోళిక గుర్తింపు కావాలన్న దరఖాస్తును 2025 తొలి నెలల్లో బ్రిటన్ ప్రభుత్వం అభ్యంతరాల కోసం బయటపెట్టింది. స్కాట్లండ్ వాళ్లకు అందులో ఒక్క నిబంధన మింగుడు పడలేదు. బట్టీ పెట్టడం ఒకే డిస్టిలరీలో జరిగితే ఆ సరుకును ‘సింగిల్ మాల్ట్’ (మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, సింగిల్ అంటే ఒకే డిస్టిలరీది) అని పిలవచ్చు, దానికి ముందు ఊటను ఎక్కడ తయారుచేసి పులియబెట్టినా అడ్డు లేదు అన్నది దాని సారం. స్కాచ్ విస్కీ అసోసియేషన్ వెంటనే అడ్డం తిరిగింది. ఈ మాటకున్న పరువు దీనితో పోతుందన్నది వాళ్ల వాదన.

సన్యాసుల కాలం, దొంగ బట్టీల కాలం, 1823 ఎక్సైజ్ చట్టం ఎలాగూ ప్రతి విస్కీ కథనంలోనూ వస్తాయి. ఈ తగవుకు అవేవీ అక్కర్లేదు. 2003లో స్కాట్లండ్ విస్కీ సీమ స్పీసైడ్‌లోని కార్డూ డిస్టిలరీ దగ్గర ఏం జరిగిందో తెలిస్తే చాలు.

కార్డూ 12 ఏళ్ల సింగిల్ మాల్ట్‌కు స్పెయిన్‌లో అనుకోనంత గిరాకీ వచ్చింది. 12 ఏళ్ల సరుకుతో చిక్కేమిటంటే, 2003లో అమ్మాల్సింది 1991లోనో అంతకు ముందో పీపాల్లో పోసి ఉండాలి. గిరాకీ చూసి ఈరోజు బట్టీ పెంచితే ఆ సరుకు 2015కి గానీ చేతికి రాదు. పైగా పీపాలో పోసిందంతా మిగలదు. 200 లీటర్ల బోర్బన్ పీపాలోంచి ఏడాదికి 2 శాతం ఆవిరవుతుందనుకుంటే పన్నెండేళ్లకు మిగిలేది 157 లీటర్లు.

యజమాని డియాజియోకు ఇరవైకి పైగా మాల్ట్ డిస్టిలరీలు ఉన్నాయి. కార్డూ మాల్ట్‌లో తమవే అయిన వేరే స్పీసైడ్ మాల్ట్‌లు కలిపి, సీసా అదే ఉంచి, లేబుల్ మీద ‘సింగిల్ మాల్ట్’ ఉన్నచోట ‘ప్యూర్ మాల్ట్’ అని అచ్చు వేసింది. చట్టం అడ్డు రాకుండా డిస్టిలరీకి కార్డో అన్న పాత పేరు తిరిగి పెట్టి, ‘కార్డూ’ను ఉత్త బ్రాండు పేరుగా మిగిల్చింది. మొత్తం కథలో అసలు ఎత్తు ఇదే. అప్పటిదాకా డిస్టిలరీ పేరంటే ఒక ఊరి చిరునామా. ఆ చిరునామాను ఊరి నుంచి ఊడదీయొచ్చని మొదటిసారి ఒక పెద్ద కంపెనీ బాహాటంగా చేసి చూపింది.

కలిపిన సరుకు నాసిరకమని ఎవరూ అనలేదు. గ్లెన్‌ఫిడిక్ యజమానులైన విలియం గ్రాంట్ అండ్ సన్స్ ముందుండి నడిపిన అభ్యంతరమంతా పేరు గురించే. (ఒకప్పుడు గ్లెన్‌ఫిడిక్ సీసాల మీద కూడా ‘ప్యూర్ మాల్ట్’ అనే ఉండేది, కాకపోతే లోపలున్నది ఒకే డిస్టిలరీ సరుకు.) లేబుల్ ఆకుపచ్చగా మారుస్తామని డియాజియో 2003 డిసెంబరులో రాజీకి వచ్చింది. అదీ నిలవలేదు. 2004 మార్చిలో ప్యూర్ మాల్ట్‌ను వెనక్కి తీసుకుంది. 2005లో అదే గ్రాంట్ కంపెనీ మూడు మాల్ట్‌లు కలిపి మంకీ షోల్డర్ అన్న విస్కీ తెచ్చింది. ఏ డిస్టిలరీ పేరూ వాడుకోలేదు కాబట్టి ఎవరూ కిమ్మనలేదు.

2009 నవంబరు 23న అమల్లోకి వచ్చిన స్కాచ్ విస్కీ నిబంధనలు ఆ గొడవకు పుట్టిన బిడ్డలే. ‘ప్యూర్ మాల్ట్’, ‘వ్యాటెడ్ మాల్ట్’ అన్న మాటలు పోయాయి. వేర్వేరు డిస్టిలరీల మాల్ట్‌లు కలిపితే ‘బ్లెండెడ్ మాల్ట్’ అనే రాయాలి. సీసాలోని ప్రతి చుక్కా ఆ డిస్టిలరీదే అయితే తప్ప దాని పేరును బ్రాండుగా వాడకూడదు. మూడేళ్ల తర్వాత, 2012 నవంబరు నుంచి, సింగిల్ మాల్ట్‌ను స్కాట్లండ్‌లోనే సీసాల్లో నింపాలన్న షరతు కూడా వచ్చింది. మనకు తగిలేది ఇదే. మన దేశానికి పీపాల్లోనో ట్యాంకుల్లోనో వచ్చి ఇక్కడి విస్కీల్లో కలిసే స్కాచ్ వేరు, హైదరాబాద్ షాపులో దొరికే సింగిల్ మాల్ట్ వేరు. రెండోది మూత బిగించుకుని అక్కడి నుంచే వస్తుంది. 2025 జులై 24న సంతకాలైన భారత్-బ్రిటన్ ఒప్పందం ప్రకారం 150 శాతం సుంకం మొదట 75కు, పదేళ్లలో 40కి దిగుతుంది. కాబట్టి ‘సింగిల్’ అంటే ఏమిటన్నది మన జేబుకు కూడా సంబంధించిన ప్రశ్నే.

ఇక ఇప్పటి తగవు. ఊట ఎక్కడ పులిస్తే ఏంటి, బట్టీ ఒక్కటైతే చాలదా? చాలదని స్కాట్లండ్ నిబంధనే అంటోంది. నీళ్లు, మొలకెత్తించిన బార్లీ కలిపి తీపి ద్రవం తీయడం, గింజలో సహజంగా ఉన్న ఎంజైములతోనే పిండిని చక్కెర చేయడం, ఈస్ట్ వేసి పులియబెట్టడం, అన్నీ ‘ఆ డిస్టిలరీలోనే’ జరగాలని రాశారు. కారణం రుచిలో ఉంది.

పిండిచేసిన మాల్ట్ మీద మొదటి విడత నీళ్లు 64 డిగ్రీల దగ్గర పోస్తారు. వచ్చిన తీపి నీటిని బీరు వాళ్లు మరగబెడతారు, స్కాచ్ వాళ్లు మరగబెట్టరు. అందువల్ల ఎంజైములు చావవు, తొట్టిలో పులిసేటప్పుడూ మిగిలిన పిండిపదార్థాన్ని కోస్తూనే ఉంటాయి. గింజతో వచ్చిన లాక్టిక్ బాక్టీరియా కూడా బతికే ఉంటుంది. దాదాపు 48 గంటలకు ఈస్ట్ పని ముగిసి ఊట 8 శాతం ఆల్కహాల్‌కు చేరుతుంది. అప్పుడే బట్టీకి పంపితే స్పిరిట్‌లో గింజ వాసన, వేరుశనగ గింజల కమ్మదనం ఎక్కువ. 75 గంటలో ఇంకా పైనో ఆగితే బాక్టీరియా రంగంలోకి దిగి పుల్లదనం తెస్తుంది, పండ్ల వాసనలిచ్చే ఎస్టర్లు పెరుగుతాయి. తీపి నీరు తేటగా ఉందా మసకగా ఉందా అన్నదానితో కూడా వాసన మారుతుంది. ఇన్ని మలుపులూ బట్టీ రాజుకోకముందే అయిపోతాయి.

ఊట వేరేచోట తయారై ట్యాంకరులో వస్తే ఆ గడియారం డిస్టిలరీ చేతిలో ఉండదు. దారిలో ఆలస్యమైతే పులుపు అదుపు తప్పుతుంది, ఈస్ట్ అడుగున పేరుకుంటుంది. ఆ మడ్డి సరిగా కలవకుండా బట్టీలోకి పోతే ఒక విడతకూ ఇంకో విడతకూ పొంతన ఉండదు. ఎక్సైజ్ దాడుల వార్తల్లో ‘బెల్లం ఊట ధ్వంసం’ అని చదివే మనకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. సారా సగం ఊటలోనే తయారవుతుంది.

విస్కీ రుచి చూసి మార్కులు వేసేవాళ్లు ఈ తేడాను ఎలా పట్టుకుంటారు? వాసన, రుచి, గొంతు దిగాక మిగిలేది, మొత్తం పొందిక, ఒక్కోదానికి 25 చొప్పున నూరు మార్కుల పద్ధతి చాలామంది వాడతారు. తులిప్ ఆకారపు గ్లాసులో 20 మి.లీ. పోసి, ముందు నీళ్లు లేకుండా చూడాలి. తర్వాత విస్కీలు కలిపే బ్లెండర్లు చేసినట్టు 23 శాతం దగ్గరకు దించాలి. 43 శాతం విస్కీకి సుమారు 17 మి.లీ. నీళ్లు పడతాయి, నీళ్లు కలపకుండా పీపాలోంచి తీసిన 58 శాతం సరుకుకు 30. తాగడానికి అంత పలచన బావుండదు గానీ, తప్పులు బయటపడేది అక్కడే. కాల్చిన అగ్గిపుల్ల వాసనొస్తే గంధకం, తడి అట్టపెట్టె వాసనొస్తే బిరడా చెడింది, నాలుక మీద సబ్బు తగిలితే బట్టీలో వేరుపరిచే దశలో తేడా వచ్చి ఉండొచ్చు. పొగ పట్టించి ఆరబెట్టిన మాల్ట్‌తో చేసినవి ఆఖర్న పెట్టాలి, ముందు పెడితే మిగతావన్నీ నీళ్లలా ఉంటాయి. రంగు చూడకూడదు. పంచదార మాడ్చి తీసిన రంగు కలపడం చట్టబద్ధమే కాబట్టి ముదురు రంగు వయసుకు సాక్ష్యం కాదు.

అన్నిటికంటే ముఖ్యం, వరసలో ఒకే విస్కీని తెలియకుండా రెండు గ్లాసుల్లో పెట్టించుకోవడం. ఆ రెంటికీ మీరే నాలుగు మార్కుల తేడా వేస్తే, ఆ పూట 86కూ 88కీ మధ్య తేడాకు అర్థం లేదు. 2003 గొడవ రుచి చూసేవాళ్లకు తగిలింది కూడా ఇక్కడే. ఏళ్ల తరబడి ‘కార్డూ’ పేరు మీద పోగైన మార్కులు ఒక్క లేబుల్ మార్పుతో వేరే ద్రవానికి బదిలీ అవబోయాయి.

స్కాట్లండ్ వాదనలో బొక్కలు లేవని కాదు. మాల్ట్ తయారీ డిస్టిలరీలోనే జరగాలని వాళ్ల చట్టమూ అనదు. తమకు కావలసిన మాల్టంతా సొంతంగా నేల మీద మొలకెత్తించుకునే స్ప్రింగ్‌బ్యాంక్ లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మిగతా డిస్టిలరీలు చాలావరకు పెద్ద మాల్ట్ కర్మాగారాల నుంచి లారీల్లో తెప్పించుకుంటాయి. ఐలా దీవి పేరు చెప్పుకునే పీపాలు కొన్ని ప్రధాన భూభాగం గోదాముల్లో ముదురుతాయి. మీరు గింజను బయట నుంచి తెచ్చుకోగా లేనిది, ఊటను తెస్తే మాదే తప్పా అని ఇంగ్లండ్ వాళ్లు అడగొచ్చు. కొత్త పరిశ్రమకు కొంత వెసులుబాటు కావాలన్నదీ కొట్టిపారేయలేం. కానీ మాల్ట్ ఎండు సరుకు, బస్తాలో నెలలు ఆగుతుంది. ఎన్ని పీపీఎం (పొగ ఘాటు కొలత) పొగ కావాలో చెప్పి ఆర్డరు పెట్టొచ్చు, నచ్చకపోతే తిప్పి పంపొచ్చు. ఊట అలా ఆగదు, గంటగంటకూ మారుతుంది.

పైగా ఇంగ్లండ్‌లోనే నార్ఫోక్‌లో 2006లో మొదలైన డిస్టిలరీ గానీ, కాట్స్‌వోల్డ్స్ డిస్టిలరీ గానీ ఊట తమ తొట్లలోనే పులియబెట్టుకుంటాయి. దరఖాస్తులోని ఆ నిబంధన ఉన్నా లేకపోయినా వాటి సీసాలో మారేదేమీ లేదు.