యాంప్ పేరు దొరికింది, మరి ఆ శబ్దం ఏది?

ఇష్టమైన గిటారిస్టు శబ్దం మన కంప్యూటర్లో వినపడాలనుకునేవాళ్లు మొట్టమొదట చేసే పని, ఆయన ఏ యాంప్ (గిటార్ సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫయర్) వాడాడో వెతకడం. నిజమైన యాంప్‌ను కంప్యూటర్‌లో అనుకరించే యాంప్ మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ యాంప్ బొమ్మ ఉంటుంది, బొమ్మ మీద నాబ్‌లూ ఉంటాయి. ఎక్కడో చదివిన సెట్టింగులు అలాగే పెట్టి తీగ మీటితే, రికార్డులో విన్నదానికీ దీనికీ పొంతనే ఉండదు. ఇంకో యాంప్ మారుస్తారు, ఇంకో ప్రీసెట్ (ఎవరో ముందే కుదిర్చిన సెట్టింగులు) కొంటారు. వారాలు గడుస్తాయి, శబ్దం మాత్రం దగ్గరకు రాదు.

నా ఉద్దేశంలో తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, వెతికే వరసది. ఇప్పటి మోడలర్లు అన్నిటికన్నా బాగా చేసే పని యాంపే. తేడా అంతా దానికి ముందూ వెనకా ఉంటుంది.

క్వీన్ బృందం గిటారిస్టు బ్రయన్ మే సంగతే చూడండి. ఆయన యాంప్ వాక్స్ ఏసీ 30 అని అందరికీ తెలుసు. దాని నమూనా లేని సాఫ్ట్‌వేర్ అరుదు. కానీ ఆ యాంప్‌లోకి వెళ్లే సిగ్నల్ మామూలు గిటార్‌ది కాదు. 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే తయారు చేయడం మొదలుపెట్టిన గిటార్ అది. తీగ కదలికను సిగ్నల్‌గా మార్చే పికప్‌లు మూడు సిరీస్‌లో కలిపి ఉంటాయి, ఒక్కోదానికీ ఫేజ్ తిప్పే, అంటే తరంగాన్ని తలకిందులు చేసే, స్విచ్ విడిగా ఉంటుంది. పిక్ ప్లాస్టిక్‌ది కాదు, పాత ఆరు పెన్నీల నాణెం. నాణెం అంచు గరుకు తీగను తాకగానే ప్రతి స్వరం మొదట్లో ఒక చిన్న గీరుడు పుడుతుంది. ఆపైన యాంప్‌కు ముందు, పై ఫ్రీక్వెన్సీలను పెంచే ట్రెబుల్ బూస్టర్ ఒకటి. యాంప్ వాల్యూమ్ ఎప్పుడూ పైకే ఉంటుంది. శబ్దం శుభ్రంగా కావాలంటే గిటార్ మీది నాబ్ తగ్గిస్తారు. ఇవేవీ లేకుండా ఏసీ 30 ఒక్కటే తెరిచి ఆయన శబ్దం రాలేదంటే ఎలా?

ఆ ట్రెబుల్ బూస్టర్ యాంప్‌కు ముందే ఎందుకు ఉండాలి? డిస్టార్షన్ అంటే ఏమిటో తెలిస్తే దీనికి జవాబు దొరుకుతుంది. ఇలాంటి యాంప్‌లో సిగ్నల్‌ను పెంచే వాక్యూమ్ ట్యూబ్ చిన్న సిగ్నల్‌ను ఉన్నదున్నట్టు పెంచుతుంది. సిగ్నల్ పెద్దదయ్యేకొద్దీ దానికి ఓపిక తీరిపోతుంది, తరంగం శిఖరాలు గుండ్రంగా నొక్కుకుపోతాయి. ఇలా ఆకారం మారిన తరంగంలో అసలు లేని ఫ్రీక్వెన్సీలు వచ్చి చేరతాయి. 110 హెర్ట్జ్ స్వరం ఒక్కటే పంపితే 220, 330, 440 ఇలా దాని గుణిజాలు, అంటే అనుస్వరాలు, వస్తాయి. వినడానికి బాగుంటుంది.

రెండు స్వరాలు కలిపి పంపితే కథ మారుతుంది. ఆ రెంటి మొత్తం, తేడా కూడా పుడతాయి. 110, 165 హెర్ట్జ్ స్వరాలు కలిపితే తేడా 55, మొత్తం 275. 55 అంటే కింది స్వరానికి సరిగ్గా ఒక స్థాయి దిగువ. రాక్ సంగీతంలో ఇలాంటి రెండు స్వరాల జంట, పవర్ కార్డ్, అంత బరువుగా వినపడటానికి కారణం ఇదే, వాయించని స్వరం కూడా కింద మోగుతూ ఉంటుంది. అదే 110కి మేజర్ కార్డ్‌లో మధ్యన ఉండే స్వరం కలిపి చూడండి. గిటార్ ఫ్రెట్ల లెక్క ప్రకారం అది సుమారు 138.6 హెర్ట్జ్. తేడా 28.6, మొత్తం 248.6. ఇవి 110 కుటుంబంలో సరిగ్గా ఇమడవు, ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. బాగా డిస్టార్షన్ పెట్టి పూర్తి కార్డ్ వాయిస్తే గజిబిజిగా ఉండేది ఇందుకే.

తీగ సిగ్నల్‌లో ఎక్కువ బలం కింది ఫ్రీక్వెన్సీలదే కాబట్టి ట్యూబ్‌ను ముందుగా నింపేసేది అవే. బూస్టర్ వాటిని తగ్గించి, పైవాటిని పెంచి లోపలికి పంపుతుంది. వేటికి డిస్టార్షన్ రావాలి, వేటికి రాకూడదు అన్నది అక్కడే తేలిపోతుంది. యాంప్ తర్వాత ఈక్వలైజర్ పెట్టి బాస్ ఎంత తగ్గించినా ఆ స్పష్టత రాదు, ఎందుకంటే కలవాల్సినవన్నీ అప్పటికే కలిసిపోయాయి. ముందు తగ్గించి తర్వాత డిస్టార్షన్ చేయడం, ముందు డిస్టార్షన్ చేసి తర్వాత తగ్గించడం ఒకటి కావు. ఇంటర్నెట్‌లో దొరికే ప్రీసెట్లలో సగం ఈ ఒక్క విషయం దగ్గరే దెబ్బతింటాయని నా అనుమానం.

ఇదే కోవలో, అంతగా ఎవరూ పట్టించుకోనిది ఇన్‌పుట్ లెవెల్. నిజమైన యాంప్‌కు గిటార్ పంపేది వోల్టేజ్. సాఫ్ట్‌వేర్‌కు అందేది ఆడియో ఇంటర్‌ఫేస్ ఆ వోల్టేజ్‌ను మార్చి ఇచ్చిన అంకెలు. ఇంటర్‌ఫేస్ గెయిన్ 6 డెసిబెల్స్ ఎక్కువ పెడితే సిగ్నల్ రెట్టింపయినట్టు లెక్క. లోపలి మోడల్ మీ చేతిలో రెండింతలు గట్టి పికప్‌లు ఉన్నాయనుకుని అలాగే స్పందిస్తుంది. అప్పుడు యాంప్ గెయిన్ నాబ్ మీది అంకెకు అర్థం లేదు. ఎంత లెవెల్ ఇవ్వాలో చాలా కంపెనీలు మాన్యువల్‌లో రాస్తాయి. అది చదివేవాళ్లు ఎంతమందో మరి.

ఇంతకీ మోడలింగ్ ఎలా చేస్తారు? ఒక దారి, సర్క్యూట్‌లోని రెసిస్టర్లు, కెపాసిటర్లు, ట్యూబ్‌ల సమీకరణాలను సెకనుకు వేలసార్లు పరిష్కరించడం. రెండోది, యాంప్‌లోకి వెళ్లిన సిగ్నల్‌నూ బయటికొచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పడం. ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ట్యూబ్ యాంప్ మీద ఈ పద్ధతిని చూపించారు. ఇప్పుడు ఉచితంగా దొరికే ప్రోగ్రాములు కూడా ఇదే చేస్తున్నాయి. ఏ దారైనా ఒక చిక్కు తప్పదు. సెకనుకు 48,000 నమూనాలు తీసుకునే వ్యవస్థ 24,000 హెర్ట్జ్ దాటిన దేన్నీ పట్టుకోలేదు, దాన్ని వెనక్కి మడిచేస్తుంది. 1,100 హెర్ట్జ్ స్వరానికి 37వ అనుస్వరం 40,700 దగ్గర పుట్టాలి. అది మడత పడి 7,300 దగ్గర తేలుతుంది, అసలు స్వరంతో ఏ బంధుత్వమూ లేకుండా. పై స్వరాల్లో వినపడే గాజు గీసినట్టుండే చప్పుడు చాలాసార్లు ఇదే. లోపలి లెక్కలు నాలుగింతలు, ఎనిమిదింతల వేగంతో చేసి దీన్ని తగ్గిస్తారు. మీ ప్లగిన్‌లో (అంటే ఈ మోడలింగ్ ప్రోగ్రాములో) ఓవర్‌శాంప్లింగ్ అనే ఆప్షన్ కనపడితే వెంటనే ఆన్ చేయండి.

ఇక యాంప్ తర్వాతి సంగతి. 12 అంగుళాల గిటార్ స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ పైన చప్పున పడిపోతుంది. హైఫై లెక్కలో అది లోపమే, గిటార్‌కు మాత్రం వరం, డిస్టార్షన్ పుట్టించిన పై ఫ్రీక్వెన్సీల కరుకుదనం అంతా అక్కడ ఆగిపోతుంది. క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) నమూనా ఆపేసి యాంప్ మోడల్ ఒక్కదాన్నే వింటే ఈగల మోతే మిగులుతుంది. స్పీకర్, మైక్ కలిసి చేసే పనిని సాఫ్ట్‌వేర్‌లో ఇంపల్స్ రెస్పాన్స్ అనే చిన్న ఫైల్ చేస్తుంది. ఖాళీ గదిలో ఒక్క చప్పట్టు కొట్టి గది తీరు తెలుసుకున్నట్టే, స్పీకర్‌కు ఒక్క క్షణికమైన సిగ్నల్ ఇచ్చి ఏం తిరిగొచ్చిందో రికార్డు చేస్తే చాలు. స్పీకర్ దాదాపు రేఖీయంగా, అంటే గట్టిగా ఇచ్చినా మెల్లగా ఇచ్చినా ఒకే తీరుగా, ప్రవర్తిస్తుంది కాబట్టి, సెకనులో చిన్న భాగం పొడవుండే ఆ రికార్డుతో ఏ సిగ్నల్‌కైనా అది ఏం చేస్తుందో లెక్కగట్టవచ్చు. ట్యూబ్ విషయంలో ఈ కిటుకు పనిచేయదు, గట్టిగా కొడితే ఒకలా, మెల్లగా కొడితే ఒకలా ఉంటుంది కాబట్టి.

మైక్ స్థానం ఎంత ముఖ్యమో ఇక్కడే తెలుస్తుంది. స్టూడియోల్లో 1965 నుంచీ కనపడే షూర్ ఎస్ఎం 57 మైక్‌ను స్పీకర్ కోన్ నడిమధ్య నుంచి అంచు వైపు రెండు మూడు సెంటీమీటర్లు జరిపితే పదును స్పష్టంగా తగ్గుతుంది. చాలాసార్లు ఒక యాంప్‌కూ మరో యాంప్‌కూ ఉన్న తేడా కన్నా ఇదే పెద్దది. కాబట్టి ముందు క్యాబినెట్ ఫైళ్లు మార్చి చూడాలి, యాంప్ జోలికి ఆ తర్వాత.

పోల్చేటప్పుడు రెండిటి శబ్దమూ సమానంగా పెట్టుకోవాలి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నదే చెవికి మెరుగ్గా తోస్తుంది. పైగా మెల్లగా వింటే బాస్ చెవికి బాగా తగ్గిపోతుంది. ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. రాత్రిపూట హెడ్‌ఫోన్లో తగ్గించి పెట్టుకుని చేసిన టోన్‌లో బాస్ ఎక్కువైపోయేది అందుకే. ఇంకో విషయం, రికార్డులో మనం విన్నది చాలాసార్లు ఒక్క గిటార్ కాదు. ఒకే భాగాన్ని రెండుసార్లు వాయించి ఎడమా కుడీ వేసి ఉంటారు, బాస్ గిటార్ కింద నుంచి మోస్తూ ఉంటుంది. విడిగా వింటే ఆ గిటార్ ఒక్కటీ పలచగానే ఉంటుంది.

చేతి సంగతి ఏ ప్లగిన్లోనూ దొరకదు. తీగను దాని పొడవులో నాలుగో వంతు దగ్గర మీటితే 4, 8, 12వ అనుస్వరాలు పుట్టవు. బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గరికి జరిగేకొద్దీ పై అనుస్వరాలు బలపడతాయి. బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ ఐయోమీ ఫ్యాక్టరీ ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్నారు. ఎడమచేతి వాటం కాబట్టి ఫ్రెట్లు నొక్కేది ఆ చేత్తోనే. దాంతో వేళ్లకు తొడుగులు చేసుకుని సన్నటి తీగలు వాడారు, తర్వాత శ్రుతి కూడా దించారు. మందమైన తీగలు బిగించి ఆయన శబ్దం కోసం యాంప్‌లు మార్చుకుంటూ కూర్చోవడం నాకైతే విచిత్రంగా ఉంటుంది.

హెడ్‌ఫోన్లో అస్సలు రానిది మరొకటుంది, గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ వాయించినట్టు ఆగకుండా సాగే స్వరం. అక్కడ స్పీకర్ శబ్దం గాలిలో వచ్చి తీగను మళ్లీ కదుపుతుంది, తీగ మళ్లీ స్పీకర్‌ను మోగిస్తుంది. దీనికి సాఫ్ట్‌వేర్‌ను మార్చక్కర్లేదు. హెడ్‌ఫోన్ తీసేసి స్పీకర్లు పెంచండి, గిటార్‌ను వాటి వైపు తిప్పండి. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక చుట్టు తిరిగొచ్చేసరికి శబ్దం తగ్గకుండా, తరంగం వరస తప్పకుండా తీగకు అందుతుందో, ఆ స్వరం నిలబడిపోతుంది. స్పీకర్‌కూ గిటార్‌కూ మధ్య దూరం కొంచెం మారిస్తే ఇంకో అనుస్వరం పైకి లేస్తుంది.