తేనె అసలా, నకిలీనా? గ్లాసు నీళ్లలో తేలే విషయం కాదు

చలి మొదలైతే చాలు, మాకు ఫోన్లు మొదలవుతాయి. "అమ్మాయ్, మీ తేనె అడుగున పంచదారలా పేరుకుంది. నమ్మి తీసుకున్నందుకు ఇదా?" అని మొన్న బ్రాడీపేట నుంచి ఒక పిన్నిగారు నిలదీశారు.

గుంటూరు దగ్గర మా ఇంటిల్లిపాదికీ తేనెటీగల పెంపకమే పని. పెట్టెలు చూసేది మామయ్యగారు, వాటిని బండిలో ఊళ్లు తిప్పేది మా ఆయన, వడకట్టి సీసాలకెత్తి అమ్మేది అత్తయ్యా నేనూ. కాబట్టి చీవాట్లు ముందు నాకే వస్తాయి. ఎక్కువగా వినేవి ఇవి.

అపోహ: పేరుకుంటే పంచదార కలిపినట్టే.

పేరుకోవడం తేనె గుణం. అందులో ముఖ్యంగా ఉండేవి గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చక్కెరలు. గ్లూకోజు అంత తేలిగ్గా కరిగి ఉండదు, చల్లదనానికి పలుకులుగా విడిపోతుంది. ఏ పూతలో గ్లూకోజు వంతు ఎక్కువో ఆ తేనె ముందు పేరుకుంటుంది. పొద్దుతిరుగుడు తేనె కొన్ని వారాలకే పూసగట్టిన నెయ్యిలా అయిపోతుంది. సీసాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచండి, కరుగుతుంది. పొయ్యి మీద మాత్రం పెట్టొద్దు. ఏడాది పొడుగునా ఒకేలా జారే తేనె నకిలీదని అనను గానీ, దాన్ని బాగా వేడిచేసి, సన్నగా వడకట్టి ఉండొచ్చు.

అపోహ: ఇంట్లోనే పరీక్ష చేసి తేల్చుకోవచ్చు.

నీళ్లలో వేస్తే కరగకుండా అడుక్కి దిగాలట, ఒత్తి ముంచి వెలిగిస్తే మండాలట, గోటి మీద బొట్టు జారకూడదట. బెల్లప్పాకం కాస్త ముదరబెట్టి చూడండి, అదీ బుద్ధిగా అడుక్కే దిగుతుంది. ఈ పరీక్షలకు తెలిసేది చిక్కదనం ఒక్కటే. ఇప్పుడు కలిపేవి ఫ్యాక్టరీలో తయారైన బియ్యం సిరప్పుల్లాంటివి, వాటిని పట్టడం లేబరేటరీలకే కష్టం. 2020లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే స్వచ్ఛంద సంస్థ 13 బ్రాండ్ల తేనెను జర్మనీలో ఎన్‌ఎంఆర్ అనే, కల్తీ సిరప్పుల్ని కూడా పట్టగల పెద్ద పరీక్ష చేయిస్తే నెగ్గినవి మూడే. మామూలు పరీక్షల్లో వాటిలో చాలావరకు పాసైనవే! కంపెనీలు ఆ ఫలితాలను ఒప్పుకోలేదనుకోండి, అది వేరే గొడవ.

ఇక అసలు తేనెకు చీమలు పట్టవనేది. పట్టకపోతే పెట్టెల స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు మాకెందుకు? కుక్క ముట్టదనేది కూడా అంతే.

అపోహ: ఈగలకు పంచదార నీళ్లు పెట్టేవాళ్లంతా మోసగాళ్లు.

మేమూ పెడతాం. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా మా వైపు ఈగలకు సరిపడా పూత ఉండదు, పైగా ముసురు పడితే అవి బయటికే రావు. అప్పుడు పెట్టకపోతే ఆకలికి చస్తాయి, లేదా పెట్టె వదిలి లేచిపోతాయి. మోసం ఎక్కడంటే, తేనె తీసే రోజుల్లో కూడా పెట్టడం. అప్పుడు ఈగలు ఆ పాకాన్నే తేనెపట్టు గదుల్లో నింపుతాయి. పూత అందుకున్నాక మేం పెట్టడం ఆపేసి, కొన్నాళ్లు ఆగి అప్పుడు తేనె కోసం పెట్టె మీద ఇంకో పెట్టె వేస్తాం.

తీసేటప్పుడూ తొందర పనికిరాదు. మామయ్యగారు పొగ డబ్బాతో రెండు దమ్ములు పొగ కొట్టి, తేనెపట్టు ఉండే చెక్క ఫ్రేము పైకెత్తి, ఈగల్ని బ్రష్‌తో దులిపి, ముందు మూతలు చూస్తారు. తేనె పక్వానికి వచ్చాక ఈగలే ఒక్కో గదికీ మైనంతో మూత వేస్తాయి. ముప్పావు వంతు గదులకైనా మూత పడకపోతే ఫ్రేము మళ్లీ పెట్టెలోకే. పచ్చి తేనె తీస్తే బరువు కలిసొస్తుంది గానీ అందులో నీరు ఎక్కువ. బెజవాడ ఉక్కలో అది పులిసి, మూత తీయగానే బుస్సుమని పొంగుతుంది. ఆహార ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్కన తేమ 20 శాతం దాటకూడదు. తేమ కొలిచే రిఫ్రాక్టోమీటరు గాజు మీద ఒక్క చుక్క వేసి వెలుతురుకు పెట్టి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

అందుకే గ్లాసు నీళ్ల పరీక్ష పక్కనపెట్టి, అమ్మేవాళ్లను అడగండి. ఏ పూత తేనె? ఎక్కడ, ఏ నెలలో తీశారు? పంచదార నీళ్లు చివరిసారి ఎప్పుడు పెట్టారు? పెట్టెలున్నవాళ్లు తడుముకోకుండా చెప్తారు. రోడ్డు పక్క బకెట్లో తేనెపట్టు ముక్క తేలేసి "ఇప్పుడే చెట్టు దించాం సార్" అనేవాళ్లను కూడా అడిగి చూడండి, తమాషాగా ఉంటుంది.

అపోహ: పల్లెటూరి తేనె కాబట్టి పురుగుమందుల ఊసే ఉండదు.

ఈ మాట మాత్రం నేను సీసా మీద వేయను. ఈగ మేతకు రెండు మూడు కిలోమీటర్లు పోతుంది. మాది మిరప, పత్తి పండే నేల. పెట్టెలు ఆ చేలకు దూరంగా పెడతాం, పొద్దుతిరుగుడుకో నువ్వుల చేలకో తీసుకుపోతాం. అక్కడా పక్కచేనులో పూత మీద పొద్దున్నే మందు కొడితే మధ్యాహ్నానికి పెట్టె గుమ్మం ముందు ఈగలు కుప్పగా పడి ఉంటాయి. "పొద్దువాలాక కొట్టు బాబాయ్, ఈగలు ఇల్లు చేరతాయి" అని మా ఆయన గట్టు గట్టుకీ తిరిగి చెప్తుంటాడు. కొందరు వింటారు.

షుగర్ ఉన్నవాళ్లు పంచదార మానేసి తేనె వాడొచ్చని మా చుట్టాలే చెప్తుంటారు. తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలే. చెంచాకు చెంచా చూస్తే పంచదార కంటే కేలరీలు కాస్త ఎక్కువే. డాక్టరును అడక్కుండా మొదలుపెట్టొద్దు. వేడినీళ్లలో కలిపితే విషమవుతుందనే టెన్షన్ మాత్రం వద్దు. మరీ వేడిదైతే వాసన, ఎంజైములు పోతాయి, అంతే.

చివరిది, పసిపిల్లలకు తేనె నాకించడం. ఏడాది నిండని పిల్లలకు ఎంత అసలు తేనైనా ఒక్క చుక్క కూడా పెట్టకూడదు. బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు తేనెలో ఉండొచ్చు. పెద్దవాళ్ల పేగులు తట్టుకుంటాయి, పసివాళ్లవి తట్టుకోలేవు, ప్రాణం మీదికి రావచ్చు. పురిటి బిడ్డకని చెప్పి అడిగితే అత్తయ్య అమ్మదు. మొదటి పుట్టినరోజు చేశాక రమ్మంటుంది.