సీఆర్‌పీ పక్కన హెచ్ అక్షరం పడితే...

ఒడిశాలోని రాయగడలో ఉండే మన తెలుగువాళ్లకు ఒంట్లో కాస్త తేడా చేస్తే చాలు, విశాఖ రైలెక్కేయడం అలవాటు. పనిలో పని అక్కడే ఏదో ల్యాబ్‌లో ఫుల్ బాడీ ప్యాకేజీ కూడా చేయించుకుంటారు. సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్టు వచ్చేస్తుంది, దాంతోపాటు టెన్షనూ వస్తుంది. మా వదినకూ అలాగే వచ్చింది. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు, అంటే బీఎంఐ 43. 40 దాటితే తీవ్ర ఊబకాయం కిందే లెక్క. మూడు నెలల షుగర్ అని మనం చెప్పుకునే హెచ్‌బీఏ1సీ 5.5 వచ్చింది, పక్కన ఏ గుర్తూ లేదు. దాని కింద హెచ్‌ఎస్-సీఆర్‌పీ 8.6 మాత్రం లావు అక్షరాల్లో, పక్కన హెచ్, అంటే 'హై' అని పెట్టి మరీ ఉంది. "షుగర్ లేదన్నారు గానీ, ఇదేటి బాబూ, గుండెకేమైనా అయిందా?" అని ఫోను.

నన్నడిగితే ఆవిడ బెంగపడాల్సిన లైను అది కాదు, దాని పైనున్న హెచ్‌బీఏ1సీ లైను.

సీఆర్‌పీ లివర్ తయారుచేసే ఒక ప్రొటీన్, అది కొంచెమే ఉన్నా పట్టుకునే పరీక్షే హెచ్‌ఎస్-సీఆర్‌పీ. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనిపెట్టారు. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ ఉన్నా, అంటే లోపల వాపులాంటిది రగులుతున్నా, ఇది పెరుగుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే తక్కువ, 3 దాటితే ఎక్కువ. 10 కూడా దాటితే జ్వరమో, చిగుళ్లలో చీము పట్టడమో, మానని పుండో ఉందేమో చూసుకుని రెండు వారాలాగి మళ్లీ చేయించాలి. మలేరియా తగిలిన మనిషిలో అయితే ఎక్కడికో పోతుంది, కాబట్టి వానాకాలం జ్వరం తగ్గీ తగ్గకముందే ఈ పరీక్షకు డబ్బు పోయడం దండగ.

జ్వరమేమీ లేకుండానే బాగా లావుగా ఉన్నవాళ్లలో ఇది ఎందుకు పెరుగుతుందంటే, కారణం కొవ్వులోనే ఉంది. కొవ్వు కణం ఉబ్బే కొద్దీ దానికి ఆక్సిజన్ చాలదు, కొన్ని చచ్చిపోతాయి. వాటిని శుభ్రం చేయడానికి మాక్రోఫేజులనే రోగనిరోధక కణాలొచ్చి, పని అయ్యాక కూడా పిలవని చుట్టాల్లా తిష్ఠ వేస్తాయి. సన్నటివాళ్ల కొవ్వులోని కణాల్లో ఇవి 10 శాతం లోపే ఉంటే బాగా ఊబకాయం ఉన్నవాళ్లలో 40 శాతం దాకా ఉండొచ్చని 2003లో తేలింది. వీటి నుంచి టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 అనే రసాయనాలు వస్తాయి. ఐఎల్-6 లివర్‌కు వెళ్లి సీఆర్‌పీ తయారుచేయిస్తుంది. టీఎన్‌ఎఫ్ ఇన్సులిన్ మాట కణానికి వినపడకుండా అడ్డుపడుతుంది, దాంతో రక్తంలో షుగర్ పెరుగుతుంది. ఇన్సులిన్‌కు ఇలా అడ్డుపడే సంగతి ఎలుకల్లో 1993లోనే హోటామిస్లిగిల్, స్పీగెల్‌మన్ బృందం చూపించింది.

మరైతే ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందేస్తే షుగర్ రాకుండా పోవాలి కదా? అంత సులువైతే ఇంకేం! 2017లో ఫలితాలొచ్చిన కాంటోస్ ట్రయల్‌లో కానకినుమాబ్ అనే ఇంజెక్షన్‌తో సీఆర్‌పీ బాగా దిగింది, గుండెపోట్లూ తగ్గాయి, కొత్తగా షుగర్ వచ్చేవాళ్లు మాత్రం తగ్గలేదు. ఆస్పిరిన్‌కు చుట్టమైన సాల్సలేట్‌తో హెచ్‌బీఏ1సీ 0.37 దిగిందని 2013లో చూశారు, అదీ అప్పటికే షుగర్ ఉన్నవాళ్లలో. పైగా పుట్టుకతోనే జన్యువుల వల్ల సీఆర్‌పీ కాస్త ఎక్కువుండేవాళ్లకు షుగర్ ఎక్కువగా రావడం లేదు. కాబట్టి సీఆర్‌పీ లోపల ఏదో జరుగుతోందని చెప్పే గుర్తే తప్ప, షుగర్‌ను తెచ్చిపెట్టేది అదే అనుకోవడానికి లేదు.

ఇంకో చిక్కుంది. మామూలు బరువున్నవాళ్లలో ఎక్కువ సీఆర్‌పీ ముందు ముందు షుగర్ రావచ్చని చెప్పగలదేమో గానీ, బీఎంఐ 40 దాటినవాళ్లలో చాలామందికి అది ఎలాగూ ఎక్కువే ఉంటుంది. కాటా ముందే చెప్పిన ముక్కను ల్యాబు డబ్బు తీసుకుని మళ్లీ చెప్తుందన్నమాట. స్వీడన్‌లో ఊబకాయానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను, చేయించుకోనివాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2012లో లెక్క తేల్చారు. షుగర్ రాకుండా ఆపడంలో ఆపరేషన్ బాగా పనిచేసింది, కానీ ఎవరికి ఎంత లాభం అన్నది మొదట్లో ఉన్న బీఎంఐని బట్టి మారలేదు, పరగడుపు షుగర్‌ను బట్టి మారింది. అంటే చూడాల్సింది షుగర్ అంకెనే.

ఇక హెచ్‌బీఏ1సీ దగ్గరున్న ఆ 5.5 సంగతి. వదిన చెల్లెలి కొడుక్కి సికిల్ సెల్ జబ్బుంది, అంటే ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే, వంశంలో వచ్చే జబ్బు. రాయగడ, కోరాపుట్ వైపు ఇదేమీ అరుదు కాదు, అటు మహారాష్ట్రలో గడ్చిరోలి, చంద్రపూర్ వైపూ అంతే. హెచ్‌బీఏ1సీ అంటే ఎర్రకణం బతికిన సుమారు 120 రోజుల్లో దానికి అంటుకున్న చక్కెర లెక్క. సికిల్ జబ్బులో ఆ కణాలు వారాల్లోనే చచ్చిపోతాయి, చక్కెర అంటుకునే టైమే ఉండదు, అంకె అబద్ధంగా తక్కువ వస్తుంది. జబ్బు లేకుండా ఒక్క జన్యువే ఉన్న క్యారియర్లలో కూడా అంతే షుగర్‌కు హెచ్‌బీఏ1సీ సుమారు 0.3 తక్కువ చూపిస్తోందని 2017లో అమెరికాలో నల్లజాతివాళ్ల మీద చేసిన అధ్యయనంలో కనిపించింది. వదిన కూడా క్యారియర్ అయితే ఆవిడ 5.5 నిజానికి 5.8 కావచ్చు. ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కు ముందు మెట్టు, 5.7 దగ్గరే మొదలవుతుంది. ఐరన్ లోపంతో రక్తం తక్కువగా ఉంటే ఇదే అంకె అటువైపు తప్పి, ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

అందుకే ఆ ప్యాకేజీ పక్కనపెట్టి, ముందు సికిల్ పరీక్ష, దాంతోపాటు పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు ఒకసారి రక్తం ఇచ్చిరమ్మన్నాను. దీనికి విశాఖ దాకా పోనక్కర్లేదు. పరగడుపున 100 నుంచి 125, లేదా రెండు గంటలకు 140 నుంచి 199 వస్తే ప్రీడయాబెటిస్. పరగడుపున 126 గానీ, రెండు గంటలకు 200 గానీ తాకితే షుగరే అనుకుని, ఇంకో రోజు మళ్లీ చూసి ఖాయం చేస్తారు.