జీన్ టెస్ట్ పాజిటివ్ అని చపాతీ మానేశారా? ఆగండి

భీమవరంలో పాథాలజీ ల్యాబ్ నాది. ఈమధ్య ఆన్‌లైన్‌లో జీన్ టెస్ట్ చేయించేసుకుని ఆ కాగితాలు పట్టుకొచ్చి "నాకు గోధుమ పడదంటండి" అనేవాళ్లు ఎక్కువైపోయారు, అందుకే ఈ పోస్టు. వాళ్ల భయమంతా సీలియాక్ గురించే, అంటే గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఎదురుతిరిగి చిన్నపేగుని దెబ్బతీసే జబ్బు.

అపోహ: డీక్యూ2 జీన్ పాజిటివ్ అంటే సీలియాక్ జబ్బు ఉన్నట్టే.
కాదండి బాబూ. ఈ జబ్బుకి వీలు కల్పించే హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 జీన్లు మన జనంలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఉంటాయి, జబ్బు దాకా వెళ్లేది వాళ్లలో ఏ కొద్దిమందో. 2016లో మన దేశం మీదే ఒక స్టడీ వచ్చింది, ఈ జీన్లు ఉత్తరాదిలోనూ దక్షిణాదిలోనూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి, కానీ రక్తంలో సీలియాక్ యాంటీబాడీలు ఉన్నవాళ్లు అక్కడ నూటికి ఒకరి పైన, ఇక్కడ వెయ్యికి ఒకరు. అక్కడ రోజుకి 450 గ్రాముల గోధుమ తింటుంటే ఇక్కడ పాతిక గ్రాములే మరి. అలాగని ధీమా వద్దు, షుగర్ అనగానే రాత్రి అన్నం మానేసి చపాతీలకి మారినవాళ్లు మన గోదావరి జిల్లాల్లో వీధికి పదిమంది, ఆ పాతిక గ్రాముల లెక్క వీళ్లకి వర్తించదు. జీన్ టెస్ట్ అసలు పనికొచ్చేది నెగెటివ్ వచ్చినప్పుడు, రెండూ లేకపోతే సీలియాక్ దాదాపు లేనట్టే.

అపోహ: ముందు మానేసి చూద్దాం, టెస్ట్ తర్వాత.
నాకు ఒళ్లు మండేది ఇక్కడే. గోధుమ మానేస్తే టీటీజీ ఐజీఏ (సీలియాక్ కోసం రక్తంలో చూసే యాంటీబాడీ) మెల్లగా పడిపోతుంది, పేగు కూడా మానుతుంది, అప్పుడు జబ్బున్నా రిపోర్ట్ నార్మల్ వస్తుంది, మళ్లీ వారాల తరబడి తిని రావాలి. తింటూనే రండి. ఒంట్లో ఐజీఏ రకం యాంటీబాడీ మొత్తం ఎంతుందో చూసే టోటల్ ఐజీఏ కూడా రాయించుకోండి, అది పుట్టుకతోనే తక్కువున్నవాళ్లలో టీటీజీ ఐజీఏ తప్పుగా నెగెటివ్ చూపిస్తుంది. పెద్దవాళ్లకి సాధారణంగా ఎండోస్కోపీ చేసి, పేగు ముక్క తీసి చూసే బయాప్సీతో ఖాయం చేస్తారు.

అపోహ: వంద రకాల తిండికి ఐజీజీ ప్యానెల్ చేయిస్తే ఏది పడదో తేలిపోతుంది.
డబ్బు దండగ. ఐజీజీ అనే యాంటీబాడీ మీరు ఆ తిండి తిన్నారని చెబుతుందంతే.

టెస్టులన్నీ నెగెటివ్, అయినా పూరీ తింటే పొట్ట ఉబ్బుతోందా? ఉత్తినే అనుకుంటున్నారని నేననను, కానీ దాన్ని టెస్టులో పట్టిచ్చే మార్కర్ ఇంతవరకు లేదు. చాలామందిలో తంటా గ్లూటెన్‌తో కాదు, గోధుమలోని ఫ్రక్టాన్లనే సరిగా అరగని పిండిపదార్థాలతో, అవి ఉల్లిపాయలోనూ ఉంటాయి.

అపోహ: అన్నం తినేవాళ్లం, మాకేం భయం.
సీలియాక్ ఖాయమైతే పెసరట్టు ఓకే, లోపలి ఉప్మా వద్దు, అది గోధుమ రవ్వేగా. తాపేశ్వరం కాజా మైదా, ఆత్రేయపురం పూతరేకు రేకు మాత్రం బియ్యానిదే. పులిహోరలో వేసే ఇంగువ డబ్బా తిప్పి చదవండి, చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుపుతారు. తోబుట్టువులకి, పిల్లలకి కూడా టీటీజీ చేయించండి, వాళ్లకి అవకాశం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ.